అత్త పెంచిన పొర టమాటా

మా చిన్నప్పుడు... బాపట్లలో మా మేనత్త పెరట్లో ఒక వింత టమాటా మొలిచింది. పక్కింట్లో అద్దెకుండే వ్యవసాయం మాస్టారు విత్తనాలిచ్చి, కాయ చుట్టూ పల్చటి పొర ఉంటుందనీ, పచ్చడికి పులుపు భలేగా ఉంటుందనీ ఊరించారట.

గుప్పెడు చల్లితే మొలిచినవి రెండే. వేసవి సెలవులకి వెళ్లిన నేను, ఒకటి నాక్కావాలని పేచీ పెట్టాను. పిల్లల్లేని అత్తకి నేనంటే ప్రాణం... పాలడబ్బాలో మట్టితో సహా పెట్టి, నాన్నతో పాటు మా ఊరు రేపల్లె వెళ్లే బస్సెక్కించింది.

మళ్లీ దసరా సెలవులకి వెళ్లేసరికి అత్త మొక్క నడుం ఎత్తు పెరిగింది. పచ్చటి పూలు, బుడ్డీల్లా వేలాడే పొరలు... నొక్కి చూస్తే లోపల ఏమీ లేదు. అన్నీ తాలే. అత్త మాత్రం పొద్దున్నే బియ్యం కడుగు నీళ్లు పోసి, ఒక్కో పొరనీ వేళ్లతో తడిమి చూసేది. అడుగుదామంటే మాస్టారు బదిలీ అయి వెళ్లిపోయారు.

వసారాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటున్న అత్తవాళ్ల అత్తగారు ఒకరోజు అననే అంది.

"గొడ్డుదానికి ఎన్ని నీళ్లు పోస్తే ఏం లాభమే? పీకి పారెయ్."

ఆ మాట ఎవరికి తగిలిందో తొమ్మిదేళ్ల నాక్కూడా తెలిసింది. అత్త తలెత్తలేదు.

"ఇంకో నాలుగు రోజులు చూద్దామండి అత్తయ్యగారూ."

మర్నాడే తన చేత్తోనే పీకేసింది. ఆ తర్వాత ఆ పెరట్లో ఇంకేదీ నాటలేదు.

రేపల్లెలో నా మొక్కా కాయలేదు. దాన్నెవరూ ఏమీ అనలేదు... నేనూ మర్చిపోయాను.

మొన్న ఫోన్లో ఎవరో ఇవే కాయలు కోస్తున్న వీడియో కనబడింది. టొమాటిల్లో అంటారట. ఒంటి మొక్క కాయదట... పక్కన ఇంకోటి ఉండి, దాని పుప్పొడి దీనికి అందితేనే కాయలో కండ పడుతుందట.

అంటే అత్త మొక్కకి ఏ లోపమూ లేదు. దాని జతని నేనే ఎత్తుకుపోయాను.

చెబుదామంటే అత్త లేదు... పోయి మూడేళ్లయింది. విత్తనాలు తెప్పించాను గానీ, వేయడానికి చేతులు రాలేదు. కాస్తే మాత్రం ఎవరికి చూపించను?

ఇప్పుడు మిద్దె తోటల గ్రూపుల్లో ఏ సందేహం అడిగినా నిమిషంలో జవాబొస్తోంది. అప్పుడు మాకు చెప్పేవాళ్లే లేకపోయారు... మీ ఇళ్లలోనూ కాయలేదని పీకేసిన మొక్కలుంటే రాయండి. దాన్ని గొడ్డుదని ఎవరు వింటుండగా అన్నారో కూడా రాయండి.