ఎడమవైపు టైరు

లారీ ఎక్కడ ఆపినా సింగయ్య ముందు చూసేది ఎడమవైపు ముందు టైరునే. పక్క లారీలవాళ్లు టీకొట్టు వైపు నడుస్తుంటే, అతను గొంతుక్కూర్చుని, చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చి, కళ్లు మూసుకుని తడుముతాడు. కుడివైపు టైరు గాట్లన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. దానితోపాటే వేసిన ఎడమది మాత్రం లోపలి అంచున నున్నగా అరిగి, పోగులు తేలుతోంది. నిండా మిర్చి బస్తాలతో పోతుండగా అది పేలితే? నల్లపాడు మెకానిక్కు మస్తాను ఎలైన్‌మెంటు చూశాడు, బేరింగులు విప్పాడు, కమాను పట్టీలు తట్టి చూశాడు. ఎక్కడా లోపం లేదు. "పద బాబాయ్, ప్రత్తిపాడు దాకా నేనూ వస్తా. నువ్వు నడుపు, నేను చూస్తా" అని పక్కన ఎక్కి కూర్చున్నాడు.

అది సింగిల్ రోడ్డు. ఎదురుగా బస్సు చుక్కలా కనబడగానే సింగయ్య ఎడమ చక్రాలను మట్టిలోకి దించేశాడు. బస్సు వెళ్లిపోయింది. తర్వాత పత్తి ట్రాక్టరు, అదీ వెళ్లిపోయింది. లారీ మాత్రం రోడ్డెక్కలేదు. ఎత్తుగా ఉన్న తారు అంచు టైరు లోపలి వైపును గరగరా గీరుతూనే ఉంది. మస్తాను కిటికీలోంచి వంగి అది చూసి, తల లోపలికి తీసుకున్నాడు.

"ఇంకా కిందే పోనిస్తావేంటి బాబాయ్? ఎదురు ఎవరూ లేరుగా!"

సింగయ్య స్టీరింగు మీద పట్టు సడలించలేదు. ఖాళీ రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు:

"వస్తారేమోరా."