మా తాతగారి గొట్టం, లోబాన్ పొగ

మా ముత్తాత మెదక్ వైపు ఒక మిషన్ బడికి హెడ్మాస్టరు. ఆయన ఎదురొస్తే తహసీల్దారు గుర్రం దిగి నిలబడేవాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లు (ఆ తహసీల్దారుకు గుర్రం ఉండేదా అని ఎవరూ అడగలేదు). మా తాత నిజాం కాలపు రైల్వేలో పెద్ద ఉద్యోగి, చర్చిలో పెద్దమనిషి, పొగాకు మాన్పించే సంఘానికి అధ్యక్షుడు. నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దగ్గరలో రాయీ గచ్చూ వేసి, అరవై ఏళ్ల తర్వాత కూడా మేకు దిగని గోడలతో ఇల్లు కట్టించాడు. మా నాన్న ఆ ఇంటి ముందు గదులను ఒక్కొక్కటే కిరాయికిచ్చాడు. నాకు ఊహ తెలిసేసరికి వరండాలో సూట్‌కేసుల దుకాణం, హాల్లో జిరాక్సు మిషను ఉండేవి. మాకు మిగిలింది ఇంటి వెనక భాగమూ, నిటారైన వెన్నెముకా. రెండు వేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో, ఈ రెండింటిలో రెండోదే విలువైనదని గట్టిగా నమ్మేవాణ్ణి.

ఆ వెన్నెముకతోనే అబిడ్స్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఓనరును అందరూ పుట్టీ సేఠ్ అనేవారు. పెద్ద కట్టడాల్లో నీళ్ల పైపులూ కరెంటు వైర్లూ గోడల్లోంచి పోతాయి కదా, వాటి చుట్టూ ఖాళీ మిగిలిపోతుంది. నిప్పంటుకుంటే మంట కన్నా ముందు పొగ ఆ ఖాళీలోంచే పక్క గదిలోకి దూరుతుంది. అందులో రాతి ఊలు కూరి, వేడికి తట్టుకునే పుట్టీతో మూసెయ్యడాన్ని ఫైర్‌స్టాప్ అంటారు. మా కంపెనీ పని అదే. మూసింది సరిగ్గా ఉందో లేదో చూడటం నా పని. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే మాత్రం మా మేనత్త (పెళ్లి చేసుకోక, మా ఇంట్లోనే ఉండి నన్ను పెంచిన అత్తమ్మ) "బిడ్డ ఇంజనీరింగ్ లైన్ల ఉన్నడు" అని చెప్పి మాట మార్చేది. చిల్లులు మూసే వంశం కాదు మాది.

ఆ ఏడు ఊళ్లో ఒక కొత్త దవాఖాన కడుతున్నారు. గుర్తింపు ఉన్న కాంట్రాక్టరుకే ఫైర్‌స్టాప్ పని ఇస్తామని వాళ్లు కచ్చితంగా చెప్పారు. గుర్తింపు కావాలంటే బొంబాయి నుంచి పరీక్షకుడు వచ్చి, కంపెనీ మూసిన గోడను చూడాలి, దాన్ని తనిఖీ చేసే మనిషినీ చూడాలి. మూసినవాడే బాగుందని చెప్పుకోకూడదట, చూసేవాడు వేరే ఉండాలట. (మా తాత కాలంలో ఇంట్లో రూలు పెట్టేదీ ఆయనే, తీర్పు చెప్పేదీ ఆయనే కాబట్టి ఈ పద్ధతి నాకు కొత్తగా తోచింది.) సేఠ్ గోదాము గోడలు పలచన, పరీక్షకు పనికిరావు. నిజమైన మందపాటి గోడ కావాలంటే ఎక్కడ దొరుకుతుందని సేఠ్ దిగులు పడుతుంటే, నేను వెన్ను ఇంకాస్త నిటారుగా పెట్టి, మా ఇంటి గోడ ఉంది కదా అన్నాను.

ఆ గోడకు ఒకవైపు పాత వంటిల్లు, ఇంకోవైపు మా తాత ఆఫీసు గది. వంటింట్లోంచి నీళ్ల పైపులూ, జిరాక్సువాడి వైర్ల కట్టా ఆఫీసు గదిలోకి వచ్చేవి. మా మేస్త్రీ వాటన్నిటి చుట్టూ శ్రద్ధగా మూశాడు. ఆ గదిలో మా ఇంటి ఘనత ఇంకొకటి కూడా ఉంది, తాతగారి గొట్టం. ఓడల్లో ఉంటుంది చూశారూ, ఇత్తడి మూతి పెట్టిన మాట్లాడే గొట్టం, అటువంటిది గోడలోంచి వంటింట్లోకి వేయించాడు. కుర్చీలోంచి లేవకుండానే "చాయ్" అంటే వంటింట్లో వినబడేదని, దాన్ని చూడటానికి రైల్వే దొరలు వచ్చేవారని మా నాన్న చెప్పగా విన్నాను, విన్నదాన్ని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పాను. తాత పోయాక, గదిలో అంతకన్నా గౌరవమైన చోటు లేదని ఆయన పెద్ద ఫోటోను సరిగ్గా ఆ మూతి మీదే వేలాడదీశారు. వంటింటి వైపు కొస అటక కింద మసిపట్టి ఎవరికీ కనబడదు.

పరీక్ష రోజు పొద్దున సేఠ్ నన్ను పక్కకు పిలిచి, "దొరా, ఇయ్యాల ఒక్క రోజు తాత ముచ్చట్లు బంద్. జర నా ముఖం చూసి" అన్నాడు. నా జీవితంలో ఆ గొట్టం కథ చెప్పకుండా అతిథిని కూర్చోబెట్టింది ఆ ఒక్కరోజే.

పరీక్షకుడు వైజాగ్ మనిషి, బొంబాయిలో స్థిరపడ్డాడు. మెత్తగా మాట్లాడుతూ ప్రతి సందులోకీ టార్చి వేసి చూసేవాడు. తాత ఫోటో ముందుకొచ్చి మాత్రం టార్చి ఆర్పేశాడు. పెద్దాయన వెనక వెతకడం మర్యాద కాదనిపించిందని తర్వాత ఒప్పుకున్నాడు. మంటకు ఎంతసేపు ఆగుతుందో తేల్చేది ల్యాబులో కొలిమి అనీ, ఇక్కడ పొగ పెట్టి చూసేది పనితనమనీ నాకు వివరించాడు. ఆయన తేబోయిన పొగ డబ్బాలను విమానంవాళ్లు ఎక్కనివ్వలేదు. అందుకని సేఠ్ నాంపల్లి దుకాణాల్లో లోబాన్ (అదే, సాంబ్రాణి) పొగ వేస్తూ తిరిగే పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన వంటింట్లో నిప్పుల మీద లోబాన్ దండిగా చల్లి, తలుపేసి బయటికొచ్చాడు.

"ఈ గోడలో దారులన్నీ నాకు చూపించినట్టేనాండీ?" అని పరీక్షకుడు అడిగాడు.

మా ఇంట్లో దాచేదేమీ ఉండదని జవాబిచ్చాను. అబద్ధం చెప్పలేదు. దారి అంటే చిల్లు, అది చిల్లు కాదు, మా తాతగారి గొట్టం.

అందరం ఆఫీసు గదిలో గోడకేసి చూస్తూ కూర్చున్నాం. పైపుల దగ్గర పొగ లేదు. వైర్ల దగ్గర లేదు. సేఠ్ మొహంలో దవాఖాన మేడలు లేస్తున్నాయి. అప్పుడే అత్తమ్మ అందరికీ చాయ్ పట్టుకొచ్చి, గడప దాటి, అక్కడే ఆగిపోయింది. ఆవిడ చూపు పట్టుకుని మేమూ చూశాం. తాత ఫోటో చట్రం చుట్టూ సన్నగా పొగ లేస్తోంది. ముందు భుజాల దగ్గర, తర్వాత చెవుల దగ్గర, ఆ పైన మీసాల మీదుగా సుళ్లు తిరుగుతూ పైకి పోతోంది. పొగాకు మాన్పించే సంఘం అధ్యక్షుడు గంభీరంగా మమ్మల్నే చూస్తున్నాడు.

అత్తమ్మ ట్రే కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని లేచాను. నవ్వుతోంది.

"ఊదిన పొగంత ఇన్నేండ్లకు వాపస్ వచ్చింది గద నాయినా" అంది ఫోటోతో. తర్వాత మా వైపు తిరిగింది. "గా గొట్టంల మా నాయిన చాయ్ ఎన్నడు చెప్పలే. తలుపేసుకొని చుట్ట తాగి, పొగ అండ్ల ఊదుతుండె. అమ్మేమో కట్టెల పొయ్యి పొగ అనుకుంటుండె. నాకు తెల్సిపోయిందని అబిడ్స్ల కేకు కొనిచ్చి నోరు మూపిచ్చిండు."

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు గా చాయ్ కథ చెప్తుంటే ముచ్చటగ ఉంటుండె బిడ్డా. ఎందుకు ఖరాబ్ చేయాలె అనుకున్న."

పరీక్షకుడు దగ్గు ఆపుకుంటూ కిటికీ తెరిచి, రిపోర్టు కాగితం నా ముందుకు జరిపాడు. తనిఖీ చేసేది మీరు కదా, మీరే రాయండి అన్నాడు. సేఠ్ నా చెవి దగ్గర వంగాడు. "దొరా, ఫోటో వెనకది పరీక్షల రాదని జెప్పు. గిది పోతే దవాఖాన పని పోతది. నేను పోత, నువ్వు పోతవు."

తాత ఫోటో వైపు చూశాను. ఇంకా తాగుతున్నాడు. వంశంలో ఒక్కడైనా పొగ విషయంలో నిజం చెప్పాలనిపించింది. ముందుగా చూపని దారి ఒకటి ఉందని, పొగ ఆగలేదని, గోడ పాస్ కాలేదని రాసి సంతకం పెట్టాను. మా తాత కుర్చీలో ఇంటివాళ్లు కానివాళ్లు ఎవరూ కూర్చోరు. సేఠ్ అందులో కూలబడ్డాడు. అత్తమ్మ ఆయన చేతికి చాయ్ అందించింది.

పరీక్షకుడు నేను రాసింది రెండోసారి చదివి, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "గోడ తప్పితే ఇన్స్పెక్టరు కూడా తప్పాలని రూలేం లేదండీ" అన్నాడు. "రేపు సాయంత్రం దాకా నాకు విమానం లేదు. ఈలోగా దాన్ని మూస్తే మళ్లీ వచ్చి చూస్తాను." తర్వాత చాయ్ తాగుతూ, మీ తాతగారు ఏ రకం చుట్ట తాగేవారని అత్తమ్మను అడిగాడు. ఆవిడ ఉత్సాహంగా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఫోటో దించాం. ఇత్తడి మూతి చుట్టూ గోడ పసుప్పచ్చగా మరకలు పట్టి ఉంది. ఇన్నేళ్లుగా దాన్ని చెమ్మ అని సున్నం కొట్టించాం. మేస్త్రీ ఊలు చేతిలోకి తీసుకునే సరికి, అత్తమ్మ జర ఆగమని, మూతికి నోరు ఆనించింది.

"నాయినా, ఇగ బంద్ చేస్తున్నం. తాగేదుంటే బయటికి పోయి తాగు."

జవాబు కోసం అన్నట్టు కాసేపు చెవి పెట్టి విని, తప్పుకుంది. మేస్త్రీ రెండు కొసలా మూశాడు. సాయంత్రం లోబాన్ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు, ఈసారి తాత మీసాలు నిర్మలంగా ఉన్నాయి. కంపెనీకి గుర్తింపు వచ్చింది, నాకూ వచ్చింది. సేఠ్ కొన్నాళ్లు నాతో పొడిపొడిగా మాట్లాడి, దవాఖాన పని మొదలయ్యాక, కొత్తగా వచ్చిన ప్రతివాడికీ ఆ పొగ కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినప్పుడల్లా మా తాత చుట్ట ఇంకాస్త పొడవయ్యేది.

ఇప్పుడు ఏ కట్టడానికి తనిఖీకి వెళ్లినా ముందు గోడల మీది ఫోటోలన్నీ దింపిస్తాను. ఎందుకో వాళ్లకు అర్థం కాదు, నేనూ చెప్పను. ఫాల్స్ సీలింగుల్లోకి తల దూర్చి దూర్చి నా వెన్నెముక నిటారుతనం కూడా ఎప్పుడో పోయింది. కానీ కొత్తవాళ్లెవరైనా మా ఇంటి సంగతి అడిగితే, ఆ ఇత్తడి గొట్టంలో మా తాత చాయ్ చెప్పేవాడన్న కథే చెబుతాను. ముచ్చటగానే ఉంటుంది.

అత్తమ్మ పోయిన తర్వాత ఇల్లు అమ్మేశాం. గోడలు పడగొట్టేముందు గొట్టాన్ని ఊడదీసి, మూతితో సహా ఉస్మాన్‌గంజ్‌లో పాత ఇత్తడి కింద తూకానికి అమ్మాం.