మందు కలిపిన మట్టి

పెనుకొండ అవతల రిజర్వాయరులో మా ఆయన పుట్టి వేసి చేపలు పట్టేవాడు. నేను వాటిని ధర్మవరం తీసుకెళ్లి మగ్గాల వీధుల్లో అమ్మేదాన్ని. గంప దించేలోపే ఆడవాళ్లు మూగేవారు. మా పొయ్యి వెలిగేది ఆ గంపతోనే.

ఒక ఎండాకాలం జీపులో ఆఫీసర్లు వచ్చారు. అడుగున ఒండ్రు పేరుకుపోయి నీళ్లు నిలవడం లేదట. ఆ ఒండ్రు ఎటు కదులుతోందో చూస్తారట. పెద్దాఫీసరు కట్ట మీద నిలబడి రేడియోధార్మికత అని ఏదో చెప్పాడు.

“రేడియో అంటే పాటలొచ్చేదే కదా సార్?” అన్నాడు మా బావ.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వి, “పోనీ, మందు అనుకోండి. మందు పట్టించిన మట్టిని అడుగున వదులుతాం. అది ఎటు పోతే మా మిషన్ అటు చూపిస్తుంది. చాలా కొంచెమే వేస్తాం, కొన్నాళ్లకు దాని బలం దానికదే పోతుంది” అన్నాడు.

కొంచెమన్న మాట, కొన్నాళ్లన్న మాట ఎవరికీ గుర్తు లేవు. మందు ఒక్కటే మిగిలింది. మా వైపు మందు పెట్టడమంటే గిట్టనివాళ్లు అన్నంలో కలిపి పెట్టేది. తిన్న మనిషి ఎండుకుపోతాడు. పైగా ఆఫీసర్లను నీళ్ల మీద తిప్పింది మా ఆయన పుట్టిలోనే.

ధర్మవరంలో గంప దించాను. రోజూ మొదటి బేరం చేసే ఆమె గడప దాటలేదు.

“ఏమక్కా, చేపలొద్దా?”

“మందు తిన్న చేపలు మాకెందుకమ్మే? పెట్టింది నీ మొగుడేనంట గదా.”

“మేమూ అవే తింటాండాము కదక్కా!”

“మీకు విరుగుడు తెలిసుంటాదిలే.”

గంప నిండుగానే ఇంటికొచ్చింది. ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. “సార్, ఒక్కసారి ధర్మవరం రాండి. వాళ్ల ముందర ఒక ముక్క తింటే సాలు.”

“మేము నీచు ముట్టమమ్మా” అన్నాడాయన, ఇబ్బందిగా.

ఆ మాట నాకంటే ముందే ధర్మవరం చేరింది. “పెట్టినోడే తినడంట!”

వాళ్లు పని ముగించుకుని వెళ్లిపోయారు. ఒండ్రు ఎక్కడుందో తెలిసిందట. ఒక్క గంపెడు కూడా ఎవరూ తీయలేదు. మందు బలం పోయిందని చెప్పడానికీ ఎవరూ రాలేదు. మా ఆయన పుట్టి అమ్మేసి హిందూపురంలో వాచ్‌మన్‌గా చేరాడు. నేను ఆ మగ్గాల వీధిలోనే, ఆ మొదటి బేరం ఆమె ఇంట్లోనే, కండెలు చుట్టే కూలికి కుదిరాను. పట్టుకు నీచు వాసన అంటుతుందని సబ్బుతో చేతులు కడిగిస్తుంది.

ఇప్పుడు ఆ వీధికి చేపలు కోస్తా నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. అవి ఏ నీళ్లలో ఏం తిని పెరిగాయో ఆమె ఒక్కనాడూ అడగలేదు.