డాష్‌బోర్డు హీటరూ, రామమోహన్ గారి మూలకారణమూ

రామమోహన్ గారింట్లో ఏ వస్తువు చెడినా, అది ఎందుకు చెడిందో తేలేదాకా దాన్ని ఎవరినీ బాగుచెయ్యనివ్వరు. ఆయనకున్న జబ్బు అదొక్కటే. మిగతా విషయాల్లో అమెరికాలో మేముండే బాతెల్ ఊరు మొత్తం గాలించినా అంత నెమ్మదైన మనిషి దొరకడు.

ముప్ఫై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసి రిటైరయ్యారు. టోస్టరు రొట్టెను మాడిస్తే మనం గీకి తినేస్తాం. ఆయన ఆ రొట్టెను ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన తేదీ రాసి ఫ్రిజ్‌లో దాస్తారు. "ఎవిడెన్స్ వసూ, పారెయ్యకు," అంటారు భార్యతో. ఒకసారి డిష్‌వాషర్ ఆగిపోతే పదకొండు వారాలు దర్యాప్తు చేశారు. పదకొండు వారాలూ వసుమతి ఆంటీ చేత్తో గిన్నెలు తోమింది. చివరికి తేలిందేమిటంటే, సింకు కింద ప్లగ్ ఊడిపోయింది.

"చూశావా, తొందరపడి కొత్తది కొనేసి ఉంటే ఈ సంగతి మనకి ఎప్పటికీ తెలిసేది కాదు," అన్నారాయన గర్వంగా.

ఇలాంటి మనిషి పోయి పోయి 1993 నాటి మోటర్‌హోమ్ కొన్నారు. ముందు స్టీరింగ్, వెనక పొయ్యి, మంచం, బాత్రూం ఉన్న బస్సు లాంటి ఇల్లు. వెనక గదికి వేరే గ్యాస్ హీటర్ ఉంది, అది బాగానే పనిచేస్తుంది. డాష్‌బోర్డులోంచి డ్రైవర్ మీదకి వేడి గాలి రావాల్సిన హీటర్ మాత్రం చల్లగాలే ఊదుతుంది. అందుకని ఆంటీ వెనక సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే, అంకుల్ ముందు మంకీ క్యాప్, మూడు స్వెట్టర్లతో డ్రైవ్ చేసేవారు. ఒకే బండిలో ఉన్న ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు.

"అక్కడ వాతావరణం ఎలా ఉంది?" అని అడిగేదావిడ.

జనవరిలో నా ఉద్యోగం పోయింది. నాది హెచ్‌1బి వీసా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే పెట్టెలు సర్దుకోవాలి. నేను, నా భార్య స్పందన ఆ రాత్రంతా ఒకరికొకరు ధైర్యం చెప్పుకుని, ఇద్దరం భయపడ్డాం. మర్నాడు పొద్దున్నే, కబురు ఎలా అందిందో, పక్క వీధిలో ఉండే అంకుల్ ఫోన్ చేశారు.

"అవినాష్, హీటర్ ఇన్వెస్టిగేషన్ మొదలుపెడుతున్నా. పదింటికి రా. స్వెట్టర్ మరిచిపోకు."

"అంకుల్, నాకు బండ్ల గురించి ఏమీ తెలీదు."

"అందుకే పిలిచింది. తెలిసినవాళ్లయితే వెంటనే బాగుచేసేస్తారు."

జాలి చూపులు చూడని మనిషి ఆయనొక్కరే కనిపించారు. వెళ్లాను.

హీటర్ సంగతి అంకుల్ బొమ్మ గీసి చెప్పారు. ఇంజిన్‌లో కాగిన నీళ్లు ఒక రబ్బరు గొట్టం గుండా డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తాయి. ఫ్యాను ఆ వేడిని మన మొహాన కొడుతుంది. ఇంజిన్ వేడెక్కాక రెండు గొట్టాలూ పట్టుకుని చూస్తే, ఒకటి కాలుతోంది, రెండోది చల్లగా ఉంది.

"అయితే నీళ్లు మధ్యలో ఎక్కడో ఆగాయి," అన్నాను.

"ఎందుకు ఆగాయి? ఇంగ్లీషులో చెప్పు."

"ఇంగ్లీషులో ఎందుకు?"

"బండి అమెరికాది కదా."

అలా రోజూ పదింటికి వెళ్లడం, చలిలో నిలబడి ఇంగ్లీషులో ఊహలు చెప్పడం, ఆయన ప్రతిదానికీ "వై?" అనడం. ఐదోసారి "వై?" అనేసరికి నాకు ఏడుపొచ్చేది. అంకుల్ జ్వరం చూసే థర్మామీటర్ తెచ్చి డాష్‌బోర్డు కన్నాల్లో పెట్టేవారు. "నార్మల్‌గా కూడా లేదు," అని నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒకరోజు గాలి ఎటు పోతోందో చూడాలని డాష్‌బోర్డు ముందు అగరొత్తులు వెలిగించాం. ఎదురింటి అమెరికన్ ఆవిడ పూజ అనుకుని, వానలో చెప్పులు విప్పి, చేతులు జోడించి నిలబడింది. పాపం, ఆవిడకి ప్రసాదంగా ఓట్స్ చిక్కీ లాంటి గ్రనోలా బార్ ఇచ్చి పంపాం.

పన్నెండున్నరకి ఆంటీ పప్పూ అన్నం పెట్టేది. మధ్యాహ్నం ఇంటికెళ్లి ఉద్యోగాలకి అప్లై చేసుకునేవాణ్ణి. విచిత్రమేమిటంటే, రాత్రి నిద్ర పట్టేది. వీసా బదులు హీటర్ కలలోకి వచ్చేది.

ఉద్యోగం పోయిన నలభై ఒకటో రోజున వీడియో ఇంటర్వ్యూ జరిగింది. "కారణం దొరకని సమస్యను ఎలా పరిష్కరించారో చెప్పండి," అని ఒకాయన అడిగాడు. తయారుచేసుకున్న జవాబులో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. నోరు తెరిస్తే హీటర్ వచ్చింది. ఇరవై నిమిషాలు, థర్మామీటర్‌తో సహా చెప్పాను. ఆయన ఐదుసార్లు "వై?" అన్నాడు, ఐదుసార్లూ తడుముకోకుండా చెప్పాను. చివర్లో ఆయన కళ్లజోడు తీసి, "మా నాన్నకీ అలాంటి బండి ఉండేది. నీళ్లను ఆపే వాల్వ్‌ను గాలి లాగి తెరిచే సన్న వ్యాక్యూమ్ గొట్టం చూశారా?" అన్నాడు.

చూడలేదు. నేను దాని మీద చెయ్యి వెయ్యబోయినప్పుడల్లా అంకుల్, "దాని వంతు ఇంకా రాలేదు," అనేవారు.

వారానికి ఆఫర్ లెటర్ వచ్చింది. స్పందన ఏడుస్తూ నవ్వింది. నేను స్వీట్ బాక్సు తీసుకుని, ఎప్పుడూ వెళ్లని నాలుగు గంటల వేళ వాళ్లింటికి పరిగెత్తాను. మోటర్‌హోమ్ ఇంజిన్ నడుస్తోంది. తలుపు తీస్తే వేడిగాలి మొహానికి కొట్టింది. డ్రైవర్ సీట్లో అంకుల్ బనీనుతో చెమటలు కక్కుతూ పుచ్చకాయ తింటున్నారు. డాష్‌బోర్డు నిండా ప్లాస్టిక్ షీటు, దాని మీద సగ్గుబియ్యం వడియాలు.

"హీటర్ పనిచేస్తోంది," అన్నాను, నా మాట నాకే వింతగా వినిపించింది.

అంకుల్ పుచ్చకాయ ముక్క దాచబోయారు. వెనక సోఫాలోంచి ఆంటీ అంది: "నువ్వొచ్చిన మూడో రోజే దొరికింది నాయనా. సన్న గొట్టానికి పగులు. కొత్తది తగిలించేశారు. రోజూ నువ్వొచ్చే ముందు పీకుతారు, వెళ్లాక పెడతారు. ఈ వానల్లో వడియాలు ఎక్కడ ఎండుతాయి, నాకూ బానే ఉందిలే."

"ఎందుకంకుల్?"

"రీప్రొడ్యూస్ చెయ్యాలి కదా," అన్నారు, గింజలు చూసుకుంటూ. "మళ్లీ చెడగొట్టగలిగితేనే బాగుచేసినట్టు లెక్క."

"వై?"

ఆయన ఇంకో గింజ ఏరి పక్కన పెట్టారు. ఆంటీయే చెప్పింది: "'ఇంట్లో కూర్చుంటే రోజులు లెక్కపెట్టుకుంటూ చిక్కిపోతాడు వసూ,' అన్నారు."

ఆఫర్ సంగతి చెప్పాను. అంకుల్ స్వీటు నోట్లో వేసుకుని, నా భుజం మీద తట్టి, నోట్‌బుక్ తెరిచి కొత్త పేజీలో తేదీ వేశారు.

"రెండో వీధిలో నీల్ ఉన్నాడు చూడు, నిన్న వాణ్ణీ తీసేశారట. రేపు పదింటికి రమ్మన్నాను. కిందకి వంగడం నావల్ల కావట్లేదు, కాస్త ఆ గొట్టం పీకుతావా?"

నేను మోకాళ్ల మీద కూర్చుని గొట్టం మీద చెయ్యి వేశాను.

"ఒక్క గంటాగు," అంది ఆంటీ. "ఈ వడియాలు రెండో పక్క ఆరలేదు."