జెల్ మీద పై గీత

అజాన్ పింపా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే ఒక ఆజ్ఞ ఉంటుంది. నా మాట తప్పనిపిస్తే ఆ పూటే చెప్పాలి, మర్నాటిదాకా దాచకూడదు అంటుంది. పిల్లలు బిత్తరపోతారు. మా హాట్ యాయ్ ఊళ్ళో గురువును అజాన్ అంటాం. అజాన్‌కు ఎదురు చెప్పడం ఏ తల్లీ నేర్పదు. ఆమెకెందుకా పట్టుదలో నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో ప్రయోగశాలలో మా బల్లలు పక్కపక్కనే.

ఆమెది రబ్బరు తోటల్లో పాలు గీసే కుటుంబం. పెద్దల ముందు తల వంచుకునే నడిచేది. మా గురువు అజాన్ సువిత్ ఆమెకు తన జీవితకాలపు కోరికనే అప్పగించాడు. కంటి కణంలో వెలుగు కబురును ముందుకు పంపే ప్రొటీన్ జంట ఒకటుంది, బీటా, గామా అని. ఆ రెండూ పరీక్షనాళికలో జతకట్టడం ఆయన చూడాలి. చక్కెర జబ్బు అప్పటికే ఆయన చూపును తినేస్తోంది. తొందరపడమని డాక్టరే చెప్పాడట.

బీటాను ఎన్నిసార్లు వేరుచేసినా, ప్రొటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్ మీద దానికి పైన మరో నీలి గీత పడేది. అజాన్ జెల్‌ను ముక్కుదాకా తెచ్చుకుని చూసి, "మురికమ్మా అది, కడిగెయ్" అన్నాడు. కడిగింది. గీత పోయింది. దాంతోపాటే బీటా ఆమ్లం పడ్డ రబ్బరు పాలలా గడ్డకట్టింది. ఇంకా బాగా కడగమన్నాడు. వానాకాలమంతా అదే తంతు.

అది మురికి కాదు, ఛాపరోన్ అనే తోడు ప్రొటీన్. కొత్తగా పుట్టిన బీటాకు తనంతట తాను ముడుచుకోవడం చేతకాదు. పీపాలాంటి ఛాపరోన్ దాన్ని కడుపులో పెట్టుకుని మడతలు కుదురుస్తుంది. ఆపైన ఇంకో సహాయక ప్రొటీన్ వచ్చి బీటాను విడిపించి గామాతో కలుపుతుంది. జంట కుదిరాక తోడొచ్చినవి తప్పుకుంటాయి.

పింపా ఆ గీతను పరీక్షకు పంపి, వానలు మొదలైనప్పుడే దాని పేరు తెలుసుకుంది. నాక్కూడా చెప్పలేదు. చెబితే తిట్టి ఆయన ముందుకు ఈడ్చుకెళ్ళేదాన్ని. చూపు పోతున్న మనిషికి మీరు సరిగ్గా చూడలేదని ఎలా చెప్పడం అనుకుంది పిచ్చిది. మా దగ్గర దాన్నే మంచి పెంపకం అంటారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

వానలు వెలిశాక రెండు నాళికలు ఆయన బల్ల మీద పెట్టింది. కడిగినది గడ్డ, కడగనిది తేట.

"ఎప్పటినుంచి తెలుసు?"

"వానలు మొదలైనప్పటి నుంచి, అజాన్."

ఆయన సహాయక ప్రొటీన్‌ను తయారు చేయమన్నాడు. అది చేతికొచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఈసారి బీటా, గామా జతకట్టాయి. జెల్ ఫోటో పట్టుకుని ఇద్దరం ఆయన ఇంటికి పరుగెత్తాం.

ఆయన వరండాలో కూర్చుని ఉన్నాడు. మా అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పాడు. పింపా ఆయన వేలు పట్టుకుని ఫోటో మీద ఆనించింది.

"ఇది బీటా అజాన్. కింద గామా."

"మరి పై గీత?"

"లేదు. పని అయిపోయింది, వెళ్ళిపోయింది."

ఆయన ఆ నున్నటి కాగితాన్ని చాలాసేపు తడిమాడు. గొంతులో కోపం లేదు.

"వానాకాలంలో నాకింకా కనబడేదమ్మా" అన్నాడు.