టీ గ్లాసు కింద నా కార్డు

మొన్న లేసు కొందామని సలాబత్‌పురా బజారుకు వెళ్తే, కొట్టు మెట్ల మీద మా ఆయన పాత మిల్లు మేనేజరు ఎదురుపడి, ఏమీ జరగనట్టే నవ్వుతూ "కేమ్ ఛో మాసీ" అని గుజరాతీలో, పిన్ని వరసతో కుశలం అడిగాడు. లేసు కొనకుండానే వెనక్కి తిరిగి బస్సెక్కాను. కరోనా పోయి ఇన్నేళ్లయినా చల్లారని కోపం అది.

ఆ రోజుల్లో కోసాడ్ కాలనీలో నేను ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించేదాన్ని, మా ఆయనది మరమగ్గం మీద పని. లాక్‌డౌన్ కాస్త సడలగానే మగ్గాలు నడిపించారు గానీ, బయటి నుంచి రోగం మోసుకొస్తారని పనివాళ్లను మిల్లులోనే ఉంచి, ఇల్లు చేరినవాడికి మళ్లీ పని లేదన్నారు. మేము టిఫిను సంచి గేటు దగ్గర పెట్టి, మనిషి ముఖమైనా చూడకుండా తిరిగొచ్చేవాళ్లం.

మన కాలంలో మొగుడికి ప్రేమ సంగతి చెప్పిన ఆడది ఎక్కడుంది చెప్పండి. అలాంటిది మా పెళ్లిరోజు దగ్గరపడుతుంటే నాకేం బుద్ధి పుట్టిందో, చీర పెట్టె అట్టను మడిచి, ఎర్ర జార్జెట్ ముక్కను గుండె ఆకారంలో కత్తిరించి అంటించి, చుట్టూ మిగిలిపోయిన రాళ్లు అద్ది, లోపల నా వంకర అక్షరాలతో "నువ్వు లేక ఇల్లు బోసిగున్నది, నీ గురక ఇనకుంటె నాకు నిద్ర వడ్తలేదు" అని రాశాను. రాస్తూ సిగ్గుపడ్డాను, నాలో నేనే నవ్వుకున్నాను. పెళ్లిరోజు నాడు దాన్ని టిఫిను సంచిలో పెట్టి గేటు దగ్గర ఉంచి వచ్చాను.

సంచి తనిఖీ చేసిన మేనేజరు కార్డును ఆయనకు ఇవ్వలేదు. తెలుగు వచ్చినవాడి చేత చదివించుకుని, ఫోటో తీసి, ముసలమ్మ ప్రేమ చూడండంటూ పనివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికి కాలనీ అంతా చూసింది, బటన్ల ఫోను వాడే మా ఆయన తప్ప. మా కొడుకు తన ఫోను నా ముందు పడేసి, "గీ వయసుల గిదేందమ్మా, ఇజ్జత్ పాయె" అన్నాడు. నవ్వినవాణ్ణి ఒక్క మాట అనలేదు. మేనేజరు చేసినదానికంటే అది నన్ను ఎక్కువ కాల్చింది.

మర్నాడు అన్నాలవేళకు మాస్కు కట్టుకుని మిల్లుకు నడిచాను. వాచ్‌మన్ వద్దంటున్నా గేటు పక్క గదిలోకి వెళ్లి చూస్తే, బల్ల మీద మేనేజరు టీ గ్లాసు కింద నా కార్డు ఉంది, రాళ్లు ఊడి, జార్జెట్ మీద గుండ్రటి మరకతో. మేనేజరు "మజాక్ థా మాసీ" అని, అదంతా సరదాకే అన్నట్టు కొట్టిపారేశాడు. నాకు వచ్చిన నాలుగు హిందీ ముక్కలు ఆ కోపానికి చాలలేదు.

"మీ అమ్మ మీ నాయనకు రాస్తె గూడ గిట్లనే ఊరందరికి చూపిస్తవా?" అని తెలుగులోనే అరిచాను.

మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి నా గొంతు లోపలికి వినిపించినట్టుంది, మా ఆయన మగ్గాల మోతకు చెవుల్లో పెట్టుకున్న దూది తీసుకుంటూ వచ్చాడు. గ్లాసు పక్కకు జరిపి, కార్డును చొక్కాకు తుడిచి, నిలబడే నెమ్మదిగా చదివాడు. ఈయన కూడా పరువు పోయిందంటాడేమోనని ఆయన ముఖమే చూస్తూ నిలబడ్డాను.

"నాకే రాసినవా?" అని అడిగాడు. తలూపాను.

"పా, ఇంటికి పోదాం."

పోతే మళ్లీ రానక్కర్లేదని మేనేజరు వెనక నుంచి అరిచినా ఆయన తల తిప్పలేదు.

పని పోయింది. ఆయన చాలాకాలం కూరగాయల బండి తోశాడు. అట్టముక్క కోసం నౌకరీ పోగొట్టుకున్నారని చుట్టాలు ఇప్పటికీ అంటారు, అప్పుడు అందరికీ కష్టకాలమే కదా, మరిచిపొమ్మంటారు. రోగం ఆ కార్డును ఊరంతా తిప్పిందా? మనుషులే కదా తిప్పింది.

ఆ తర్వాత నేను ఆయనకు అలాంటి కార్డు మరొకటి చేయలేదు, చేయబుద్ధి కాలేదు. ఇప్పుడు మా ఇంట్లో, మేమిద్దరమే ఉన్నప్పుడు కూడా, ఆయనతో ఒక ముద్దు మాట అనబోతే ముందు తలుపు వైపు చూస్తాను. ఆ అలవాటు నాకు అంతకుముందు లేదు.