కూతవేటు దూరం

మా పక్కింటి అక్క పోయింది. ఆ కబురు నాకు గోడ మీదుగా వచ్చింది. ఇనప గనుల ఊరు బచేలిలో, గనివాళ్ల క్వార్టర్లలో మా రెండిళ్లకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. ఇన్నేళ్లలో ఆ గోడ మీదుగా కూరగిన్నెలు వచ్చాయి, తిట్లు వచ్చాయి, ఫోటోలు వచ్చాయి. వాళ్లాయన గొంతు మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆ పొద్దున వచ్చింది.

"టీచరమ్మా, జర ఒక్కపారి రా. మీ అక్క లేస్తలేదు."

పిండి చేతులతోనే పరిగెత్తాను. నిద్రలోనే వెళ్లిపోయింది. బతికినంతకాలం ఊరందరినీ అరిచి పిలిచిన మనిషి, పోయేటప్పుడు మాత్రం ఒక్క కూత వెయ్యలేదు. గోడకి ఇవతలే ఉన్నాను కదా, వినపడేది కదా. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆవిడది కుంట అనే ఊరి దగ్గర మరైగూడ. నాది శ్రీకాకుళం వైపు. బడిలో ఉద్యోగం వచ్చి ఇక్కడికి చేరిన కొత్తలో నేను "ఏటి" అంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆవిడ "ఏంది" అంటే నేను నవ్వేదాన్ని. పాలవాడు మా ఇద్దరినీ చూసి "క్యా?" అనేవాడు. వాళ్లాయన గనిలో డంపర్ నడిపేవాడు. అక్క మొగుడు కాబట్టి నాకు బావగారు. మాటలు తక్కువ మనిషి. ఇంట్లో మాట్లాడాల్సిన వంతు మొత్తం ఆవిడే తీసుకుంది.

కెమెరా వాళ్లింటికి వచ్చింది బావగారి వల్లే. గనిలో సర్వే ఆఫీసరు ఒకాయన ఉండేవాడట. వానాకాలంలో ఆయన జీపు బురదలో దిగబడినప్పుడల్లా బావగారు లాగిపెట్టేవాడు. ఆయన బదిలీ మీద పోతూ తన తోలు సంచీ ఈయన చేతిలో పెట్టి వెళ్లాడు. అందులో రేంజ్‌ఫైండర్ కెమెరా, రెండు లెన్సులు. అంత పెద్ద డంపర్ తోలే మనిషి ఆ సంచీ ముట్టుకోవడానికి భయపడి బీరువా మీద పెట్టాడు. ఆవిడ దించింది. ఎలా నేర్చుకుందని అడిగితే, "కుట్టుమిషను నేర్సుకోలే? ఇదీ మిషనే గద" అనేది.

ఆ రకం కెమెరా చూడనివాళ్ల కోసం ఒక్క మాట. దాంట్లో మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. ఆ కిటికీలో ఎదుటిమనిషి రెండుగా కనపడతాడు. లెన్సు మీది రింగు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ జరిగి జరిగి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. నాకు చూపిస్తూ అక్క, "రెండు మొకాలు ఒక్కటయ్యేదాంక ఆగు. నీకు తొందర జాస్తి" అని నెత్తి మీద ఒకటి మొట్టింది. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్లు దాటాయి. బడిలో నేను మొట్టేదాన్ని, ఇక్కడ మొట్టించుకునేదాన్ని.

ఆ రెండు లెన్సులూ దగ్గరి బొమ్మలకే. మనిషి ముఖం పెద్దదిగా రావాలంటే మన కాళ్లే ముందుకు నడవాలి. అక్కకి అదే నచ్చింది. మంగళవారం సంతకి పోయేది, బస్సెక్కి ఊళ్లకి పోయేది. ఎవరిని తియ్యాలన్నా ముందు పక్కన కూర్చునేది. తెలుగో, హిందీయో, గోండీయో, ఏది కలిస్తే అది మాట్లాడేది. వాళ్ల చింతపండు పులుపెంతో నాలిక మీద వేసుకుని చూసి, ముఖం ముడిచి, అప్పుడు అడిగేది: "తియ్యనా?" ఊ అంటే తీసేది. ఊహూ అంటే ఇంకాస్త చింతపండు నోట్లో వేసుకుని లేచి వచ్చేసేది. రీలు రైల్లో విశాఖపట్నం పోయి, కడిగి, ఫోటోలై వచ్చాక, ఎవరిది వాళ్ల చేతిలో పెట్టేదాకా ఆవిడకి అన్నం సయించేది కాదు.

"మొకం వాళ్లది. మిషను నాది. అడగకుంట ఎట్ల తీస్త?" అనేది.

చుట్టుపక్కల ఊళ్లలో ఎందరి ఇళ్లల్లోనో, పోయిన తల్లి ముఖం మళ్లీ చూసుకోవాలంటే ఉన్నది ఆవిడ తీసిన ఫోటో ఒక్కటే. మగవాళ్లు కెమెరా ఎత్తితే గిరుక్కున తిరిగిపోయే ఆడవాళ్లు ఆవిడ కనపడితే కొప్పు సవరించుకునేవారు.

ఒక వానాకాలం ఏదో ఊరి నుంచి వస్తూ వాగు గట్టు మీద జారింది. మోకాలు విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. కర్ర పట్టుకుని గేటు దాకా నడవగలిగింది కానీ, గట్లెక్కడం, సంతలో జనం మధ్య తిరగడం ఇక కుదరదన్నారు. సంచీ మళ్లీ బీరువా మీదికి ఎక్కింది. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. తీగ మీద ఆరేసిన చీరలకి ఎర్రదుమ్ము పడుతుంటే లేచి తీసేది కాదు. నాకు భయమేసింది. ఆవిడ నన్ను తిట్టి నెల దాటిపోయింది మరి.

"ఏటక్కా, ఇలా అయిపోయావు?" అంటే, "దగ్గరికి పోలేనిదాన్ని, ఇంక నాకు బొమ్మలెందుకు, టీచరమ్మా" అంది. అప్పుడు నాకు జూమ్ లెన్సు ఆలోచన వచ్చింది. కాళ్లు ముందుకి నడవలేకపోతే, లెన్సే నడుస్తుంది కదా. ఇది గొప్ప ఆలోచనని నాకు నేనే చప్పట్లు కొట్టుకుని, సెలవుల్లో సంచీ పట్టుకుని విశాఖపట్నం వెళ్లాను.

కెమెరాలు బాగుచేసే ముసలాయన సంచీ విప్పి చూసి నవ్వాడు. "అమ్మా, దీనికి జూమా? లెన్సు దూరాన్ని దగ్గరికి లాక్కుంటాది, బాగానే ఉంది. కానీ మీరు చూసేది ఈ కిటికీలోంచి. లెన్సు లాక్కున్నట్టు కిటికీకి తెలీదు కదండీ. ఇది అమ్మేసి వేరేది కొనుక్కోండి" అన్నాడు. అమ్మేదేమిటి, ఆవిడ నన్ను గోడ అవతలికి రానిస్తుందా? ఆ మాటే చెప్పాను. ఆయన రెండు రోజులు ఆగి రమ్మన్నాడు. వెళ్లేసరికి కెమెరాకీ లెన్సుకీ మధ్యలో ఒక రింగు వేసి పాత జూమ్ లెన్సు ఒకటి బిగించాడు. కెమెరా నెత్తిన ఇంకో చిన్న గొట్టం పెట్టాడు. చూడ్డం ఇక ఆ గొట్టంలోంచి. లెన్సు ఏ అంకె మీదికి తిప్పితే గొట్టాన్నీ ఆ అంకె మీదికే తిప్పాలి. రెండు బొమ్మలు ఒకటవడమనేది ఈ లెన్సుకి పనిచెయ్యదు. దూరం మనమే అంచనా వేసుకుని పెట్టుకోవాలి. "ఓపికున్నవాళ్లకే ఇది" అన్నాడాయన. ఓపిక అక్క దగ్గర లేదు. పట్టుదల ఉంది. సరిపోతుందనుకున్నాను.

బావగారు స్కూటర్ మీద తీసుకెళ్లి సంత చివర, బట్టల కొట్టు పందిరి కింద కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. మొదటి రీలు వచ్చిన రోజు నేను పొట్ట పట్టుకుని నవ్వాను. లెన్సు తిప్పింది, గొట్టం తిప్పడం మరిచిపోయింది. అన్నీ నడుములే. ఒక్కదానికీ తల లేదు. "ఇది ఎవలి కడుపే?" అని ఆవిడ ఒక్కొక్క ఫోటో దీపానికి ఎత్తి చూస్తుంటే, ఎన్నాళ్లకో బావగారు కూడా నవ్వాడు.

రెండో రీలు బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది. మిరపకాయలమ్మే ఒకావిడ పక్కదానితో ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతోంది. కళ్లలో నీళ్లు కూడా కనపడుతున్నాయి. అంత మంచి ఫోటో అక్క అంతకుముందు తియ్యలేదని నేనిప్పటికీ అంటాను. మరుసటి మంగళవారం దాన్ని తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాం. చూసుకుంది. నవ్వు ఆగిపోయింది. "ఇది ఎప్పుడు తీసినవ్? నాకు తెల్వదే" అంది. కోపంగా కాదు. పైట సర్దుకుంటూ చుట్టూ చూసింది, ఇంకెవరైనా చూస్తున్నారేమోనన్నట్టు.

ఇంటికి వచ్చాక అక్క లెన్సు ఊడదీసి నా ఒళ్లో పెట్టింది.

"దూరంకెల్లి తీసుడంటే దొంగసూపు సూసుడే. నువ్వు మంచికే తెచ్చినవ్. నాకొద్దు."

వాదించాను. అందరూ ఇలాగే తీస్తారన్నాను. పేపర్లో ఫోటోలన్నీ ఇలాగే వస్తాయన్నాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మోకాలు విరిగిన రోజు కంటే ఆ రోజు నాకు ఎక్కువ ఏడుపొచ్చింది. దగ్గరికి వెళ్లలేదు, దూరం నుంచి తియ్యదు. ఇక ఆ సంచీ ఎవరి కోసం?

ఆ వారం మధ్యలో నేను బడి నుంచి వస్తుంటే వీధి మొగలో ఉండగానే గేటు దగ్గర నుంచి ఆవిడ అరుపు వినపడింది. "టీచరమ్మా, ఇంట్ల ఉప్పు లేదు, తే." నేను అక్కడి నుంచే చెయ్యెత్తాను, సరేనని. కొట్టుకెళ్లి ఉప్పు తీసుకుని వస్తే, ఆవిడ ఉప్పు అందుకోలేదు. నన్నే చూస్తోంది.

"నువ్వు ఊ అన్నవ్ గద."

"అన్నాను. అయితే ఏటి?"

"అంత దూరంకెల్లి ఊ అన్నవ్."

అంతే. లెన్సు నా దగ్గర నుంచి మళ్లీ ఆవిడ సంచీలోకి చేరింది. తరవాతి సంతలో పందిరి కిందినుంచి కెమెరా ఎత్తి, ఆవిడ గొంతెత్తి ఒక కూత వేసింది. "తియ్యనా..." పశువులు కూడా తల తిప్పాయి. మిరపకాయలావిడ తలెత్తింది, చూసింది, ఒక క్షణం ఆగి, చెయ్యి పైకెత్తింది. అక్క నొక్కింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. చెయ్యెత్తితే ఊ అన్నట్టు. ఎత్తకపోతే కెమెరా దించేసేది. లెన్సు రింగు మీద దూరం అంకెలు ఎందుకొచ్చిన గోలని, నా గోళ్లరంగు సీసా గోడ మీదుగా అడిగి పట్టుకెళ్లి, కూతవేటు దూరం దగ్గర ఎర్రచుక్క పెట్టుకుంది. ఆ చుక్క దాటి ఎప్పుడూ తిప్పలేదు. ఇంకా దూరం తియ్యొచ్చు కదా అంటే, "కూత ఇనపడనంత దూరంల ఉన్నోళ్ల బొమ్మ మనకెందుకు?" అంది.

అందుకే ఆవిడ చివరి ఏళ్ల ఫోటోలన్నింటిలో ప్రతివాళ్ల చెయ్యీ పైకే ఉంటుంది. గంప నెత్తిన పెట్టుకున్నావిడ ఒక చేత్తో గంప పట్టుకుని రెండో చెయ్యి ఎత్తింది. పెళ్లికూతురు ఎత్తింది. ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తేశాడు. తెలియనివాళ్లు చూస్తే ఇక్కడివాళ్లంతా ఎవరినో సాగనంపుతున్నారనుకుంటారు.

ఒకసారి కెమెరా నా చేతికిచ్చి, "నన్ను దీయి, సూద్దాం" అంది. తను గేటు దగ్గర నిలబడి నన్ను వీధి మొగ దాకా నడిపించింది. నాకు సిగ్గేసి, చిన్నగా "అక్కా, తియ్యనా" అన్నాను. గేటు దగ్గర నుంచి జవాబొచ్చింది: "ఏంది? ఇనపడతలేదు. బడిల పోరగాళ్ల మీద అరిసినట్టు అరువు." అరిచాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ కర్ర ఒక చేతిలో, రెండో చెయ్యి ఆకాశంలో.

పోయాక ఇంట్లో వెతికితే ఆవిడ ఫోటో అదొక్కటే ఉంది. ఊరందరినీ తీసిన మనిషిని ఎవరూ తియ్యలేదు. పెద్దది చేయిద్దామని బజారులో స్టూడియోకి వెళ్లాం. అక్కడి కుర్రాడు చూసి, "చెయ్యి అడ్డంగా ఉంది, కట్ చేసి ముఖం ఒక్కటే చేస్తాను" అన్నాడు. బావగారు ఫోటో వెనక్కి లాక్కున్నాడు. "చెయ్యి ఉండాలె" అన్నాడు.

పెద్దకర్మ మంగళవారం పడింది. వరండాలో బల్ల మీద ఫోటో పెట్టాం. సంత ముగిశాక ఆడవాళ్లు గంపలతో, చంటిపిల్లలతో వచ్చారు. ఒక్కరూ దండం పెట్టలేదు. గేటు దాటగానే ఫోటో చూసి, నిలబడి, చెయ్యి ఎత్తి, అప్పుడు లోపలికి వచ్చారు. నేను వంటగదిలోకి వెళ్లి కాసేపు ఎవరికీ కనపడకుండా ఉన్నాను.

అందరూ వెళ్లిపోయారనుకున్నాక బావగారు పిలిచాడు. వీధి మొగలో మిరపకాయలావిడ నిలబడి ఉంది. ముసలిదైపోయింది. లోపలికి రావడం లేదు. చెయ్యి ఎత్తి అలాగే నిలబడింది. ఎవరో ఫోటో తీస్తారని ఆగినట్టు.

బావగారు లోపలికి వెళ్లి తోలు సంచీ తెచ్చాడు. జీవితంలో మొదటిసారి తన చేత్తో దాన్ని విప్పి కెమెరా నాకిచ్చాడు. అక్క సగం వాడిన రీలు అందులోనే ఉంది. లెన్సు తిప్పాను. గొట్టం తిప్పాను. ఎర్రచుక్క దగ్గర రింగు ఆపాను. తరవాత, బడిలో పిల్లల మీద కూడా ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాను.

"తియ్యనా..."

ఆవిడ ఎత్తిన చెయ్యిని ఇంకాస్త పైకెత్తింది.